జలపాతాన్ని మ్యాపులోంచి తీసేయండి

అరకు, పాడేరు, అనంతగిరి కొండల్లో పర్యాటకుల కోసం నడక దారులు గీస్తామని బయలుదేరినవాళ్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. ఇంజినీరింగ్ పూర్తయిన కుర్రాళ్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు, సొంతూళ్లో హోమ్‌స్టే పెట్టుకున్న గిరిజన యువకులు, ప్రభుత్వానికి నివేదికలు రాసిచ్చే కన్సల్టెంట్లు. అందరి దగ్గరా ఉండే సలహాల చిట్టా ఒకటే. చూడదగ్గ చోట్లు గుర్తించు, దగ్గరి దారిలో కలుపు, ఫోన్లోకి ఎక్కించు, బోర్డులు పాతు, జనం వాళ్లే వస్తారు.

నేను రాస్తున్నవి దీనికి పూర్తిగా ఎదురు సలహాలు. వినగానే తిక్క సలహాల్లా అనిపించవచ్చు. అనిపించినా సరే, పాటించి చూడండి. దారి గీయడమంటే నా లెక్కలో జనాన్ని ఎక్కడికి పంపకూడదో ముందు తేల్చుకోవడం. తేల్చాల్సింది ఊరు. మ్యాపు వేసేవాడి పని ఆ మాటను గీతగా మార్చడం వరకే.

ముందు జలపాతం

ఏజెన్సీలో ఏ కొండ పక్కన నిలబడినా ఏదో ఒక గెడ్డ, అంటే కొండవాగు, బండల మీంచి దూకుతూ కనిపిస్తుంది. మ్యాపు మొదలుపెట్టగానే అందరూ పెట్టే మొదటి చుక్క అక్కడే. ఆ చుక్కను చెరిపేయండి.

కారణం నీళ్లు. కొండ ఊళ్లలో చాలాచోట్ల తాగునీరు మోటారుతో రాదు. ఎగువన ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, అక్కణ్నుంచి పైపు వేసి, వాలు మీద దానంతట అదే ఊరికి దిగేలా చేస్తారు. గ్రావిటీ నీళ్లంటారు. మీరు మ్యాపులో పెట్టిన జలపాతం ఆ తొట్టికి ఎగువన ఉందనుకోండి. వచ్చినవాళ్లు అందులో స్నానం చేస్తారు, షాంపూ పొట్లాలు చింపుతారు, బండల చాటుకి వెళ్లొస్తారు. సాయంత్రం ఆ నీళ్లే ఊళ్లో బిందెల్లోకి వస్తాయి. జలపాతాల గుండాల్లో ఈత రానివాళ్లు దిగి చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అప్పుడు శవాన్ని వెతికి పైకి తేవాల్సింది కూడా ఆ ఊరి మగాళ్లే.

అందుకని ఒక నియమం పెట్టుకోండి. ఊరు తాగే నీటికి ఎగువన ఉన్నదేదీ మ్యాపులో ఉండకూడదు. ఊరికి దిగువన, పొలాలు దాటాక పారే నీరుంటే గ్రామస్థులను అడిగి పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో ఇది చాలా తేలిక. నీటి తొట్టి ఎక్కడుందో ఒక చుక్క పెట్టి, దాని పరీవాహక ప్రాంతమంతా గీసి, ఆ ముక్కలోకి దారి పోకుండా ఆపేయవచ్చు. ఊరి దేవత ఉండే తోపులకూ, శ్మశానాలకూ ఇదే పని చేయండి. కానీ తోపు ఎక్కడుందో మాత్రం పైకి కనిపించే మ్యాపులో రాయకండి. గుర్తు పెట్టి "ఇక్కడికి రావద్దు" అని రాస్తే అక్కడికే వస్తారు.

జలపాతం లేకపోతే జనం ఎందుకొస్తారని అడుగుతారు. సంతకు తీసుకెళ్లండి. వారానికొకసారి కొండల మీంచి జనం పసుపు, రాజ్మా, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు మోసుకుంటూ సంతకు దిగే దారులే ఆ ప్రాంతంలో అసలైన నడక దారులు. తరాలుగా అవి అరిగి అరిగి కాలికి సరిపోయాయి. పొద్దున్నే ఊళ్లో చోడి (రాగి) అంబలి తాగి, కాఫీ తోటల మధ్య దిగి, సంతలో ముగిసే దారి గీయండి. తిరుగు ప్రయాణం ఆటోలో. సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకి, కింద నీడలో కాఫీ పళ్లు ఎర్రబడే నవంబరులో ఆ రెండు మూడు గంటల నడక చేసినవాడు జలపాతం గురించి అడగడు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని తాగడానికి విశాఖ నుంచి వచ్చినవాళ్లలో ఎంతమంది ఆ చెట్టును ముట్టుకుని చూశారు?

దగ్గరి దారి వెతకొద్దు

ఇక్కడ కాస్త లోతుకి వెళ్లాలి. మ్యాపు పనిలో అందరూ గుడ్డిగా నమ్మేది ఇదే.

కంప్యూటర్‌లో నడక దారి గీసే పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. నేల ఎత్తుపల్లాల పటం తీసుకుంటారు. దాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక గడి నుంచి పక్క గడికి నడవడానికి ఎంత సమయం పడుతుందో లెక్క కడతారు. మొత్తం సమయం ఎక్కడ అతి తక్కువో ఆ వరుసను దారి అంటారు. సమయం లెక్కకు సాధారణంగా వాడేది వాల్డో టోబ్లర్ 1993లో ఇచ్చిన సూత్రం. దాని ప్రకారం చదును నేల మీద మనిషి గంటకు దాదాపు 5 కి.మీ. నడుస్తాడు. నూటికి ఐదు వంతుల స్వల్ప దిగువ వాలు మీద గరిష్ఠంగా 6 కి.మీ. నూటికి 20 వంతుల ఎగువ వాలు ఎక్కేటప్పుడు 2.5 కి.మీ.కి పడిపోతుంది. బాట లేని చోట అందులో 0.6 వంతే. ఇంతకన్నా పాతది 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క. దూరానికి గంటకు 5 కి.మీ. చొప్పున వేసుకుని, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలుపుకోవాలి.

రెండూ మంచి సూత్రాలే, నేనూ వాడతాను. కానీ రెండింటిలో ఉన్న మనిషి చేతులు ఊపుకుంటూ నడుస్తున్నాడు. అతని నెత్తి మీద కట్టెల మోపు లేదు, భుజాన కావిడి లేదు, చంకలో బిడ్డ లేదు. అతనికి దాహం వేయదు, ఎండ తగలదు, వాన పడదు.

అనంతగిరి వైపు ఒక ఊరి పైన దారి చీలే చోటొకటి ఉంది. మా లెక్క ప్రకారం గీత నేరుగా గట్టు మీంచి పోవాలి. ఊరివాళ్లు మాత్రం ఎడమకు తిరిగి, పనస చెట్ల కిందుగా చుట్టూ తిరిగి వస్తారు. దూరం ఎక్కువ, ఎక్కుడూ తక్కువేమీ కాదు. ఎందుకలా పోతారని పసుపు మూట దించుకుని కూర్చున్న ఒకావిడను అడిగితే, "ఆ గట్టు మీద గాలి బాబూ, నెత్తిన బరువుంటే మెడ నిలబడదు. ఇక్కడైతే బండుంది, మూట దించుకోవచ్చు, ఎవర్నీ ఎత్తమనక్కర్లేదు" అంది. ఆ బండ ఆవిడ ఛాతీ ఎత్తుంది. ఒంటరిగా ఉన్న మనిషి ఎవరి సాయం లేకుండా మూట దాని మీదికి జార్చి, మళ్లీ తలకెత్తుకోవచ్చు. పై అంచు మూటల రాపిడికి నున్నగా అయింది. బండ పక్కన తడి నేల, ఆకు దోనె పెట్టిన చిన్న ఊట.

ఏ ఎత్తుల పటంలోనూ ఆ బండ కనిపించదు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ 11 రోజుల పాటు రాడార్‌తో తీసిన ఎత్తుల సమాచారమే ఇప్పటికీ చాలామంది వాడే పటం. దాని ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. పది మీటర్ల వెడల్పున్న గెడ్డ లోయ అందులో కలిసిపోతుంది. దట్టమైన చెట్లున్న చోట రాడార్ నేలను సరిగా చూడలేదు, కొమ్మల ఎత్తు నేల ఎత్తులో కలుస్తుంది. కాబట్టి తోట అంచు దగ్గర లేని మెట్టొకటి పుట్టుకొస్తుంది, కంప్యూటర్ దాన్ని తప్పించడానికి దారిని ఎవరి చేలోకో మళ్లిస్తుంది. స్క్రీన్ మీద చూస్తే చక్కగానే ఉంటుంది. అక్కడికి వెళ్లి నిలబడితే ఎదురుగా చోడి చేను, చేతిలో కొడవలితో రైతు.

ఫోన్ యాప్‌లలో నడిచినవాళ్ల అడుగుజాడలు పోగేసి ఏ దారి ఎక్కువ వాడుకలో ఉందో చూపించే పటాలున్నాయి. 2017లో స్ట్రావా సంస్థ పెట్టిన పటంలో ఎడారుల్లోని సైనిక స్థావరాల్లో సిపాయిలు పరిగెత్తిన దారులు కూడా బయటపడటంతో అది ప్రపంచమంతా తెలిసింది. మన కొండల్లో అవి చూపించేది బయటివాళ్లు నడిచిన చోట్లు. రోజూ బిందెలతో, మోపులతో వందల అడుగులు పడే బాట అందులో ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసి "ఇక్కడ దారి లేదు" అనుకోవద్దు.

మరి ఏం చేయాలి? కంప్యూటర్ తెరవక ముందు మోసేవాళ్ల వెనక నడవండి. సంత రోజున ఒకసారి, కట్టెలకు వెళ్లే రోజున ఒకసారి, వానాకాలంలో ఒకసారి. వాళ్లు ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. నీడ, నీరు, బరువు దించే చోటు, గెడ్డ దాటే రాళ్లు, తేనెటీగలున్న చెట్టు. తర్వాత ఈ చుక్కలన్నీ కలిపేలా లెక్క కట్టించండి. గీత వంకరగా వస్తుంది, పొడుగ్గా వస్తుంది. అదే ఉంచండి.

అక్కడా ఒక్కటి మార్చాలి. ఊరి ఇళ్ల మధ్యలోంచి పోయే బాట పర్యాటకులకు వద్దు. ఆడవాళ్లు స్నానం చేసే దడులు, మంచం మీద పడుకున్న ముసలివాళ్లు, వాకిట్లో ఆరబోసిన కాఫీ గింజలు ఎవరో కెమెరాతో వచ్చి చూడాల్సినవి కావు. బాటను ఊరి అంచున ఆపి, ఊరివాళ్లు చూపించిన ఒక్క చోటికే తీసుకెళ్లండి. కొట్టు కావచ్చు, బడి పక్క చెట్టు కావచ్చు.

సూర్యోదయాన్ని వదిలేయండి

పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి చలికాలం పొద్దున మేఘాలు సముద్రంలా కనిపిస్తాయి. నిజంగానే గొప్ప దృశ్యం. అందుకే శని, ఆదివారాల్లో జనం రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, చీకట్లోనే కొండెక్కి, ఎండ ముదిరేసరికి దిగిపోతారు. వాళ్లు పారేసిన ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ పొట్లాలు ఏరుతున్న వాలంటీర్ల ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

చెత్త గురించి అందరూ మాట్లాడతారు. వేళ గురించి ఎవరూ మాట్లాడరు. సూర్యోదయం కోసం గీసిన దారి అందరినీ ఒకే గంటలో ఒకే చోటికి తోస్తుంది. వాళ్లు ఊళ్లో భోంచేయరు, పడుకోరు, ఎవరితోనూ మాట్లాడరు. చీకట్లో ఎక్కేవాడికి కింద ఏం తొక్కుతున్నాడో తెలియదు. ఊరికి మిగిలేది పార్కింగ్ రుసుము, టీ డబ్బులు.

సంత దారి కాకపోతే, మీ దారిని మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలుపెట్టండి. నాలుగున్నరకల్లా రాత్రి ఉండే ఊరు చేరేలా పొడవు సరిచేయండి, చలికాలంలో అయిదున్నరకే చీకటి పడుతుంది. చేరాక అక్కడే వండిన అన్నం, పప్పు, కొండ కోడి కూర. పొద్దున లేచి ఆ వాకిట్లోంచే మంచు చూసుకోవచ్చు. అదంత ప్రసిద్ధమైన దృశ్యం కాకపోవచ్చు. అందరికీ అదే కొండ కావాలనే పోటీ ఉన్నంతకాలం ఏ కొండా బాగుపడదు.

వలిసె పూల విషయంలోనూ ఇదే చెబుతాను. నవంబరులో అరకు లోయంతా పసుపు పరిచినట్టుంటుంది. నూనె గింజ పంట అది. చేలోకి దిగి ఫోటో తీసుకుంటే తొక్కిన మేర గింజ రాదు. రైతులు చేనుకు తాడు కట్టి, లోపలికొస్తే మనిషికి ఇంత అని తీసుకుంటున్నారు. పూలు చూడ్డానికి కూడా డబ్బులా అని విసుక్కునే వాళ్లున్నారు. పంట నష్టానికి రైతు అడిగింది న్యాయమైన సొమ్ము, ఇచ్చి తీరాలి. దారి గీసేవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. బాటను చేనుకు పైనున్న గట్టు మీద పెడితే ఫోటోలో పూలన్నీ పడతాయి, కాలు మాత్రం చేలో పడదు.

ఎంతమంది పడతారో వంటగదిని అడగండి

ఒక దారి రోజుకు ఎంతమందిని మోయగలదన్న లెక్కకు 1992లో మిగెల్ సిఫ్వెంతెస్ ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల వాడుకలో ఉంది. ముందు దారి పొడవును బట్టి ఎంతమంది పడతారో చూస్తారు. తర్వాత వాన, ఎండ, మట్టి కోత లాంటి వాటిని బట్టి తగ్గిస్తారు. చివర నిర్వహణ సామర్థ్యాన్ని బట్టి ఇంకా తగ్గిస్తారు. నేను ఈ వరుసను తిరగేయమంటాను.

ఉదాహరణకు 4 కి.మీ. దారి అనుకుందాం. ఎనిమిది మందికొక గుంపు, గుంపుకీ గుంపుకీ అర కిలోమీటరు ఎడం. ఒకేసారి ఎనిమిది గుంపులు, అంటే 64 మంది. ఒక్కో గుంపుకు రెండున్నర గంటలు. పగలు పది గంటలు తెరిస్తే నాలుగు విడతలు, 256 మంది. నివేదికలో ఈ అంకె వేయగానే అందరి కళ్లూ మెరుస్తాయి. ఇప్పుడు ఊళ్లోకి వెళ్లి అడగండి. దారి చూపించేవాళ్లు ఆరుగురున్నారు, రోజుకొక్క గుంపు చొప్పున 48 మంది. వంట చేస్తామన్న మహిళా సంఘాలు రెండున్నాయి, ఒక్కోటి పదిహేను మందికి వండగలదు. మరుగుదొడ్లు రెండు. వంటగది చెప్పిన అంకె 30. మ్యాపు మీద 30 రాయండి. తగ్గించుకుంటూ రావడం మొదలుపెడితే 256 కాస్తా 200 అవుతుంది, 150 అవుతుంది, ఎవరో ఒకరు అక్కడ ఆపేస్తారు. కింద నుంచి మొదలుపెడితే పెంచడానికి ఊరు ఇంకో వంటగది కట్టుకోవాలి, ఇంకో మరుగుదొడ్డి కట్టుకోవాలి. కట్టుకున్నాకే పెంచండి.

ఇంత తక్కువ మందితో ఏ దారి నిలబడుతుందని సందేహించేవాళ్లు న్యూజీలాండ్ వైపు చూడండి. మిల్ఫర్డ్ ట్రాక్ 53 కి.మీ. పైచిలుకు, నాలుగు రోజుల నడక. సీజన్‌లో సొంతంగా నడిచేవాళ్లను రోజుకు 40 మందినే పంపుతారు, అదీ ఒకే దిక్కుగా. పెరూలోని ‘ఇన్కా ట్రెయిల్’ మీద రోజుకు 500 మందే, ఆ లెక్కలోకి గైడ్లు, మోసే కూలీలు కూడా వస్తారు. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో కొండ పచ్చికబయళ్ల మీద రాత్రి బస నిషేధించి, పర్యాటకుల సంఖ్య 200 దాటకూడదంది. ఆ తీర్పు వచ్చే నాటికి అక్కడి గడ్డి అప్పటికే దెబ్బతింది. ముందే 30 అని రాసుకున్న ఊరికి కోర్టుతో పని పడదు.

తెరిచే రోజులు ముందు రాయండి

ఎప్పుడు మూయాలో చర్చించొద్దు. ఏడాదంతా మూసి ఉన్నట్టే అనుకుని, ఎప్పుడు తెరుస్తారో ఊరిని అడగండి. మనకు ఈ పద్ధతి కొత్త కాదు. నల్లమలలో వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి పాతకాలపు నడక దారి ఉంది. అది పులుల అడవి. శివరాత్రికి, ఉగాదికి మల్లన్న దగ్గరకు నడిచే భక్తుల కోసం తెరుస్తారు, ఉగాదికైతే కర్ణాటక నుంచి వేలల్లో వస్తారు. ఆ తర్వాత అడవిని అడవికి వదిలేస్తారు. ఏడాదిలో కొద్ది రోజులే తెరిచి ఉండటం వల్ల ఆ దారి గౌరవం తగ్గలేదు.

ఏజెన్సీలో వానాకాలం గెడ్డలు గంటలో పొంగుతాయి, కాబట్టి గెడ్డ దాటే దారి ఆ నెలల్లో ఉండకూడదు. ఎండాకాలం రాలిన ఆకులు, పోడు మంటలు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఎండు గడ్డి కొండల మీద మార్చి మొదలయ్యాక దారి తెరవాలన్న ఆలోచనే వద్దు.

మిగిలిన చలికాలంలోనూ చిక్కుంది. కాఫీ పళ్లు ఏరేది అప్పుడే. దారి చూపించే కుర్రాడు, వంట చేసే ఆవిడ, ఇద్దరూ ఆ రోజుల్లో తోటలో ఉండాలి. కాబట్టి గైడు కూలి కాఫీ ఏరే కూలికన్నా కచ్చితంగా ఎక్కువ ఉండాలి, లేదా ఆ వారాలు దారి మూసి ఉండాలి. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు వెళతారు, ఆడవాళ్లు రోడ్డుకు తాడు అడ్డం కట్టి వచ్చేపోయేవాళ్లను డబ్బులడుగుతారు. ఇది చూసి కొందరు పర్యాటకులు పోలీసులకు ఫోన్ చేస్తామంటారు. తన దారికి అడ్డంగా తాడు కట్టే హక్కు ఊరికి ఉందని నేను నమ్ముతాను. ఏడాదంతా ఉందని నమ్ముతాను.

బోర్డులు తగ్గించండి, రాళ్లు పెంచండి

1984లో స్పెయిన్‌లో ఎలియాస్ వలిన్యా అనే పల్లెటూరి చర్చి ఫాదర్ శాంటియాగో యాత్రా దారి పొడవునా పసుపు రంగు బాణాలు వేశారు. మరుగున పడ్డ దారి లేచి నిలబడింది. ఇప్పుడు ఏటా నాలుగు లక్షల మందికి పైగా ఆ దారి పూర్తి చేస్తున్నారు. గుర్తుకు అంత బలం ఉంది. కాబట్టి 30 మంది దారికి బోర్డులు వద్దు, మనిషి చాలు. ఊరి మనిషి ముందు నడవనిదే ఎవరూ నడవకూడదన్న నియమం పెడితే బోర్డు ఖర్చు కూలిగా మారుతుంది.

ఆ డబ్బు నేల మీద పెట్టండి. "సహజంగా వదిలేయండి, రాళ్లు పరిచి పాడుచేయకండి" అని ప్రకృతి ప్రేమికులు అంటారు. వాళ్లు చెప్పేది వినొద్దు. ఇంగ్లండ్‌లో 1965లో తెరిచిన పెనైన్ వే మీద మెత్తటి పీటు నేల కోసుకుపోయి, జనం పక్కకు పక్కకు జరిగి నడిచి, బాట చెరువులా వెడల్పయింది. చివరికి మూతపడ్డ నూలు మిల్లుల నేల బండలు తెచ్చి, కొన్నిచోట్ల హెలికాప్టర్లతో దించి పరచాల్సి వచ్చింది. మన ఎర్రమట్టి వాలు ఒక్క వానాకాలంలో మోకాలి లోతు గాడి పడుతుంది. బాట వాలు సగటున నూటికి పది మించకుండా, కొండ వాలులో సగం దాటకుండా చూసుకోవాలన్నది బాటలు వేసేవాళ్లు పాటించే సూత్రం. ఎక్కువ వాలున్న చోట బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్లు పాతించండి, వాన నీరు పక్కకు పోతుంది. ఊరివాళ్లకే కూలి ఇవ్వండి. బురద తగ్గితే మొదట బాగుపడేది బిందె మోసేవాళ్ల పాదం. సిమెంటు మెట్లు, రెయిలింగులు, గుండె బొమ్మ చెక్కిన సెల్ఫీ స్టాండు మాత్రం వద్దే వద్దు.

డోలీ లెక్క

ప్రతి దారికీ ఇంకో సమయం రాయండి. కాలు విరిగిన మనిషిని నలుగురు మోసుకుని జీపు రోడ్డు చేరడానికి పట్టే సమయం. దాన్ని కంప్యూటర్‌తో లెక్క కట్టొద్దు, ఊళ్లో అడగండి. వాళ్లకు కచ్చితంగా తెలుసు. పురిటి నొప్పులతో ఉన్న ఆడపిల్లను డోలీలో మోసి, గెడ్డ దాటించి, అంబులెన్సు ఆగిన చోటికి చేర్చిన చేతులే అవి. ఇలాంటి మోతలు ఏటా పత్రికల్లో వస్తున్నాయి. పర్యాటకుడి కాలు మెలిపడితే మోయాల్సింది కూడా వాళ్లే, అందుకు మాట్లాడుకున్న సొమ్ము ముందే కాగితం మీద ఉండాలి.

ఇది రాస్తున్నప్పుడల్లా నాకు కోపం వచ్చే విషయమొకటి చెప్పాలి. కొన్ని ప్రచార పత్రాల్లో "రోడ్డు కూడా లేని స్వచ్ఛమైన పల్లె" అని గొప్పగా రాస్తారు. ఆ పల్లె రోడ్డు కోసం అర్జీల మీద అర్జీలు పెడుతూ ఉంటుంది. మీ దారి అందం ఆ ఊరికి రోడ్డు లేకపోవడం మీద ఆధారపడి ఉంటే ఆ దారిని రద్దు చేయండి. రోడ్డు పడ్డాక కూడా నడవదగ్గ దారే గీయండి, రోడ్డు ఎక్కడ పడబోతోందో పంచాయతీలో అడిగి అది వదిలి గీయండి.

కాగితం మొదట, గీత తర్వాత

షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదు. అయినా పేర్లు మార్చి, లీజులు రాసి రిసార్టులు లేపే ప్రయత్నాలు ఆగలేదు. మీరు గీసిన గీత చివర "అద్భుతమైన వ్యూ పాయింట్, ఖాళీ స్థలం" అని కనిపిస్తే ఆ ప్రయత్నాలకు చిరునామా ఇచ్చినట్టే. దారి చివరలు ఎప్పుడూ నివాసమున్న ఊళ్లలోనే ఉండాలి.

1996 పీసా చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది, మన రాష్ట్రంలో 2011లో నియమాలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పత్రాలు వచ్చిన ఊళ్లున్నాయి. ముందు గ్రామసభ తీర్మానం తీసుకోండి, అడవిలోంచి పోతే అటవీ శాఖ అనుమతి తీసుకోండి, ఆ తర్వాతే కంప్యూటర్ తెరవండి. సభలో మ్యాపు చూపించేటప్పుడు తెర మీద కాకుండా నేల మీద ముగ్గు పిండితో గీయండి. తెర ముందు ముసలివాళ్లు మాట్లాడరు. నేల మీద గీస్తే లేచి వచ్చి కాలితో చెరిపి మళ్లీ గీస్తారు. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి, మగవాళ్లు చెప్పని నీటి చోట్లు వాళ్లు చెబుతారు.

దారి ఫైలు ఊరి దగ్గరే ఉండాలి. అందరూ దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. గైడు ఫోన్లో ఉంటే చాలు. ఎవరో నడిచి యాప్‌లోకి ఎక్కిస్తారు, అది మీ చేతిలో లేదు. కానీ అలా వచ్చినవాళ్లు ఊరి అంచున గైడు లేకుండా లోపలికి పోకుండా చూసే మనిషి అక్కడ ఉండాలి, ఆ మనిషికీ ప్రతి ఒక్కరి దగ్గర తీసుకున్న రుసుములోంచి వాటా ఉండాలి. సీజన్ అయ్యాక, మార్చి మొదటి వారంలో, ముగ్గు పిండి పట్టుకుని మళ్లీ అదే చెట్టు కిందకు వెళ్లండి. ఏ ముక్క తీసేయమంటే ఆ ముక్క తీసేయండి. కారణం అడగొద్దు.